మామూ మీటర్ అబద్ధం చెప్పిందా?

మా అమ్మీకి పెద్దన్న, మా బడే మామూ, పాలమూరులో రేడియోలు బాగుచేసేవారు. దుకాణం పెద్దదేం కాదు. ఒక బల్ల, ఒక సోల్డరింగ్ కడ్డీ, గోడకు వేలాడే వాల్వుల డబ్బాలు, ఒక మీటర్. ఆయన ఇంతెఖాల్ అయ్యాక సామానంతా కబాడీకి పోయింది. మీటర్ ఒక్కటే అమ్మీ తన ట్రంకులో దాచుకుంది. నల్లటి బేకలైట్ డబ్బా, అద్దం వెనక సన్నటి సూది, రెండు వైర్లు. ఒక వైరు మీద అమ్మీ చుట్టిన గుడ్డపీలిక ఇప్పటికీ ఉంది.

ఆ మీటర్‌తో ముడిపడిన ఒక కిస్సా మా ఖాందాన్‌లో పెద్దగా చెప్పుకోరు. నేను పుట్టకముందు, డెబ్భైల్లో జరిగింది. ఒక రిటైర్డ్ ఆఫీసర్ సాబ్ తన వాల్వు రేడియో తెచ్చి మామూకి ఇచ్చాడు. గట్టిగా వచ్చే స్టేషన్ పెడితే గొంతు గరగరలాడుతోందని ఫిర్యాదు. మామూ వెనక మూత విప్పి, మీటర్ పెట్టి చూశారు. స్టేషన్ బలంగా వచ్చినప్పుడు రేడియో తనంతట తానే జోరు తగ్గించుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది, మెకానిక్కులు ఏవీసీ అంటారు. ఆ లైను మీద కొన్ని వోల్టులు కనిపించాలి. మామూ మీటర్ సూది సున్నా మీదే కూర్చుంది. ఏవీసీ చచ్చిపోయింది కాబట్టి గరగర వస్తోందని మామూ లెక్క. కెపాసిటర్ మార్చారు. సూది లేవలేదు. వాల్వు మార్చారు. అప్పుడూ లేవలేదు. గరగర పోలేదు.

ఆఫీసర్ సాబ్ రేడియో తీసుకెళ్ళి ఇంకో దుకాణంలో చూపించాడు. అక్కడ తేలింది, స్పీకర్ కాగితం ఒక పక్క చిరిగిందని. అంతే. చాయ్ హోటల్లో పదిమంది ముందు ఆయన అన్న మాట, "మియా మంచి పార్టులు పీకేసి పైసలు గుంజాడు" అని. మామూ రెండు సామాన్ల డబ్బులూ వాపస్ ఇచ్చేశారు. మాట మాత్రం వాపస్ రాలేదు. కారీగర్ ఇజ్జత్ గాజు గ్లాసులాంటిది కదా. ఆ తర్వాత ఆయన వాల్వు రేడియోలు తీసుకోవడం తగ్గించి ఇస్త్రీపెట్టెలు, ఫ్యాన్లు ఎక్కువ చేశారని ముమానీ అంటుంది.

చనిపోయేదాకా మామూకి ఒకటి అర్థం కాలేదు. ఏవీసీ లైను నిజంగా బాగానే ఉంటే, మీటర్ సున్నా ఎందుకు చూపించింది? అదే మీటర్ బ్యాటరీ మీద పెడితే సరిగ్గా చూపించేది. దాన్ని ఆయన కన్నతల్లిలా నమ్మారు.

ఈ సవాల్‌కి జవాబు నాకు మా పెద్దమ్మాయి ఇచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. మొన్న రంజాన్ సెలవుల్లో నానీ ట్రంకులోంచి ఆ మీటర్ బయటికి తీసి, "అబ్బా, ఇది ఎన్ని ఓముల మీటర్?" అంది. నాకేం తెలుసు? డయల్ కింద చిన్న అక్షరాల్లో వోల్టుకి 1,000 ఓములు అని ఉంది, ఇంగ్లీషులో. అది చదివి నవ్వింది. ఆ నవ్వు ఎందుకో తెలుసుకోవడానికి నేను రెండు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

తాళాలు చేసేవాడి కొడుకు ఒకాయన జర్మనీలో ఉండేవాడు. పేరు జార్జ్ సైమన్ ఓమ్, పుట్టింది 1789లో. కొలోన్ నగరంలో స్కూల్ మాస్టరు, లెక్కలు చెప్పేవాడు. బాప్ దగ్గర నేర్చుకున్న చేతిపని ఉండేది గనక తన పరికరాలు తానే చేసుకునేవాడు. నేను ఉర్దూ మీడియంలో చదివేటప్పుడు ఆయన ఖానూన్ మాకు ఒకే వాక్యంలో చెప్పేశారు. కరెంటు అంటే బర్ఖీ రౌ, దాన్ని అడ్డగించేది ముజాహమత్, ముజాహమత్ పెరిగితే రౌ తగ్గుతుంది. కంఠస్థం చేశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ ఒక్క వాక్యం కోసం ఆ మాస్టరు మొదట ఘోరంగా తప్పులో పడ్డాడని మాకెవరూ చెప్పలేదు.

1825లో ఓమ్ మొదటిసారి కొలతలు తీసినప్పుడు వాడింది ఆ రోజుల్లో దొరికే బ్యాటరీ, లోహపు పలకలూ ఆమ్లమూ ఉన్నది. తీగ పొడవు మారుస్తూ రౌ ఎంత తగ్గుతోందో చూశాడు. వచ్చిన అంకెలకి లాగరిథమ్ లెక్క ఒకటి సరిపోయినట్టు కనిపించింది. దాన్ని అచ్చు కూడా వేశాడు. అది తప్పు. ఎందుకు తప్పంటే, తీగ కలిపిన ప్రతిసారీ ఆ బ్యాటరీ తన బలం తానే కోల్పోతోంది. తీగ పొట్టిదైతే ఎక్కువ లాగుతుంది, బ్యాటరీ ఎక్కువ కుంగుతుంది. అంటే ఆయన తీగని కొలుస్తున్నాననుకుంటూ, తీగ వేసిన బోజ్ కింద కుంగిపోతున్న బ్యాటరీని కూడా కలిపి కొలుస్తున్నాడు. ఇవాళ ఎలక్ట్రానిక్స్ పిల్లలు లోడింగ్ అనేది ఇదే. ఉర్దూలో బోజ్ అంటే సరిపోతుంది, తెలుగులో బరువు.

ఆయన అదృష్టం, పత్రిక నడిపే పొగ్గెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఒక సలహా ఇచ్చాడు. ఆ బ్యాటరీ వదిలేయ్, రెండు లోహాలు కలిపిన జోడు వాడు, ఒక కొస వేడినీళ్ళలో, ఒక కొస మంచులో పెట్టు అని. దాన్ని థర్మోకపుల్ అంటారు. పుట్టే వోల్టేజి చాలా చిన్నది, కానీ మరిగే నీళ్ళు మరిగే నీళ్ళే, మంచు మంచే, కాబట్టి నిలకడగా ఉంటుంది. ఓమ్ బిస్మత్, రాగి జోడు తీసుకున్నాడు. రెండు అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా ఎనిమిది రాగి తీగలు ఒక్కొక్కటే కలిపి, వేలాడదీసిన అయస్కాంతపు సూది మీద ఎంత ప్రభావం పడుతుందో చూశాడు. 1826లో అంకెలు దారికొచ్చాయి. ఆయన రాసిన సమీకరణంలో కింద భాగంలో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి తీగ ముజాహమత్, రెండోది మారని అంకె. ఆ మారని అంకె తీగది కాదు, తక్కిన పరికరానిది. అంటే ఇచ్చేవాడి లోపల కూడా ఒక ముజాహమత్ ఉంటుందని ఆయన అక్కడే పట్టుకున్నాడు. నా దృష్టిలో ఓమ్ ఖానూన్‌లో అసలు గొప్ప సంగతి అదే. బడిలో చెప్పని సంగతీ అదే.

1827లో పుస్తకం వేస్తే జర్మనీలో పెద్దగా పట్టించుకోలేదు. ఆయన కొలోన్ ఉద్యోగం వదిలేశాడు. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ ఇచ్చింది 1841లో.

ఆ 1841లోనే పొగ్గెన్‌డార్ఫ్ ఇంకో పని చేశాడు. బ్యాటరీ వోల్టేజిని దాని నుంచి ఏమీ లాగకుండా కొలిచే పద్ధతి. కూరగాయల తరాజు తలుచుకోండి. ఒక పళ్ళెంలో తెలియని బరువు, ఇంకో పళ్ళెంలో తెలిసిన రాళ్ళు. ముల్లు మధ్యలో నిలిచిందంటే రెండూ సమానం. అలాగే తెలియని వోల్టేజికి ఎదురుగా తెలిసిన వోల్టేజి పెట్టి, మధ్యలో సూది అసలు కదలనంతవరకూ సవరిస్తూ పోవాలి. సూది కదలలేదంటే రౌ లేదు, రౌ లేదంటే బోజ్ లేదు. చూసే పద్ధతి చూసేదాన్ని ముట్టుకోలేదన్న మాట.

మీజాన్ అనే మాట మనవాళ్ళకి కొత్తది కాదు. మర్వ్ నగరంలో ఖాజినీ 1121లో తరాజు మీదే ఒక పెద్ద కితాబు రాశాడు, మీజానుల్ హిక్మా అని. గాల్లో తూచినదీ నీళ్ళలో తూచినదీ పోల్చి, నగలో అసలు బంగారం ఎంతో, కల్తీ ఎంతో చెప్పే తరాజు అందులో ఉంది. అంతమాత్రాన కరెంటు కూడా మనవాళ్ళే కనిపెట్టారని నేను అనడం లేదు. అలాంటి వాట్సాప్ ఫార్వర్డ్‌లు నాకూ వస్తాయి, చదవకుండా తుడిచేస్తాను. కొలిచే పని న్యాయంగా ఉండాలన్న ఫికర్ పాతదని మాత్రమే చెబుతున్నా.

పొగ్గెన్‌డార్ఫ్ పద్ధతితో చిక్కు ఏమిటంటే, సబర్ కావాలి. లేబొరేటరీలో కూర్చుని సవరించుకునే తీరిక రిపేర్ దుకాణంలో ఎక్కడుంటుంది? అదీగాక కొలిచే వస్తువు క్షణక్షణానికీ మారుతుంటే తరాజు పనికిరాదు. గుండె సంగతి తీసుకోండి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒంటి మీద వెయ్యో వంతు వోల్టు పుడుతుంది. చర్మం ఎండుగా ఉంటే దాని ముజాహమత్ చాలా ఎక్కువ. హాలండ్‌లోని లైడెన్‌లో ఐంథోవెన్ (జావాలోని సెమరాంగ్‌లో పుట్టిన మనిషి) 1900ల మొదట్లో గుండె గీత తీశాడు. ఆ ఫోటోలు చూసే ఉంటారు, మనిషి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో ముంచి కూర్చుంటాడు. స్నానం కాదు అది. ఆయన సూది, నిజానికి అయస్కాంతం మధ్య వేలాడే సన్నటి తీగ, కదలాలంటే ఒంట్లోంచి కాస్త రౌ లాగాలి. చర్మం దారి మూసేస్తుంది. అందుకని ఉప్పునీళ్ళు. పరికరం బోజ్ తగ్గించలేక మనిషినే నీళ్ళలో ముంచారు. 1924లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇవాళ ఆస్పత్రిలో కాస్త జెల్లీ రాసి స్టిక్కర్లు అతికిస్తే ఈసీజీ వచ్చేస్తుంది. మధ్యలో ఏం మారిందనేదే ఈ కథలో రెండో సగం.

దానికి ముందు మామూ మీటర్ ఖాందాన్ గురించి ఒక మాట. ఇంగ్లండ్ పోస్టాఫీసులో ఇంజనీరు డోనల్డ్ మకాడీ. కరెంటుకి ఒకటి, వోల్టులకి ఒకటి, ఓములకి ఒకటి మూడు మీటర్లు మోసుకు తిరగడం విసుగొచ్చి మూడింటినీ ఒకే డబ్బాలో పెట్టాడు. 1923లో అది ఆవో పేరుతో బజార్లోకొచ్చింది. ఆంపియర్, వోల్ట్, ఓమ్ మూడింటి మొదటి అక్షరాలే ఆ పేరు. తర్వాత దునియా అంతా అలాంటివే చేసింది. వాటిలో సూది కదలాలంటే కొలిచే చోటు నుంచి కాస్త రౌ తాగాల్సిందే. ఎంత తాగుతుందో చెప్పేదే ఆ వోల్టుకి ఇన్ని ఓములు అనే అంకె. అంకె పెద్దదైతే మీటర్ తక్కువ తాగుతుంది. 1,000 ఓములంటే బాగా దాహం ఉన్న మీటర్. యాభైల్లో వచ్చిన ఆవో 8 మోడల్ 20,000 ఓములది. రేడియో కంపెనీలు తమ సర్వీస్ షీట్ల మీద, ఈ వోల్టేజీలు ఫలానా మీటర్‌తో కొలిచినవి అని కింద చిన్నగా అచ్చువేసేవి. అది ఇంగ్లీషులో ఉండేది. మామూ ఉర్దూ అద్భుతంగా చదివేవారు. హైదరాబాద్‌లో 1917లో దారుల్ తర్జుమా పెట్టి, మరుసటి సంవత్సరం మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ కోసం ఫిజిక్సూ కెమిస్ట్రీ ఉర్దూలోకి దించారు. ముజాహమత్ లాంటి మాటలు మా బడి దాకా వచ్చింది ఆ దారిలోనే. అయితే ఆ ఇల్మ్ యూనివర్సిటీ గేటు దాటి రేడియో దుకాణం బల్ల దాకా రాలేదు. నలభై ఎనిమిది తర్వాత యూనివర్సిటీలోనే ఉర్దూ మీడియం పోయింది, ఇక దుకాణం మాటేం అడుగుతారు.

సరే, మా అమ్మాయి ప్రయోగం. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ తీసుకుంది. దానికి రెండు రెసిస్టర్లు వరుసగా కలిపింది, రెండూ సమానం, ఒక్కోటి పది లక్షల ఓములు. మధ్యన ఎంత ఉండాలి? సగం, అంటే నాలుగున్నర వోల్టులు. ఇందులో బహస్ లేదు. మామూ మీటర్ పది వోల్టుల రేంజిలో పెట్టి అక్కడ ముట్టించింది. సూది కదిలిందా లేదా అన్నట్టు కదిలింది. లెక్క ప్రకారం 0.09 వోల్టు. రేంజి మార్చి 50లో పెట్టింది. ఇప్పుడు 0.4 వోల్టు చూపించాలి. 250లో పెడితే ఒకటిన్నర. అదే చోటు, అదే బ్యాటరీ, అదే మీటర్, మూడు గవాహీలు, మూడూ తప్పే.

"చూశారా అబ్బా, రేంజి మారిస్తే అంకె మారుతోందంటే మీటర్ తాగేస్తోందని అర్థం" అంది.

ఎందుకంటే పది వోల్టుల రేంజిలో ఆ మీటర్ తానే ఒక పదివేల ఓముల దారి. పది లక్షల ఓముల దారులున్న చోట పదివేల దారి తెరిస్తే రౌ అంతా అటే పోతుంది. దావత్ దేగ్‌లోంచి ఉప్పు చూడ్డానికి ఒక గరిటె షేర్వా తీస్తే ఎవరికీ తెలీదు. చిన్న కటోరాలోంచి అదే గరిటెతో తీస్తే రుచి చూసేసరికి కటోరా ఖాళీ. బ్యాటరీ దేగ్ లాంటిది, అందుకే మామూ మీటర్ బ్యాటరీ మీద ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఏవీసీ లైను కటోరా. దానికి రౌ పది లక్షల ఓముల రెసిస్టర్ గుండా చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఎందుకంటే వాల్వు గ్రిడ్‌కి రౌ అక్కర్లేదు, వోల్టేజి చూపిస్తే చాలు. అక్కడ ఆరు వోల్టులు ఉంటే మామూ మీటర్‌కి కనిపించేది 0.06. సూదికి అది సున్నా కిందే లెక్క. మామూ వైర్లు తీయగానే ఆరు వోల్టులు మళ్ళీ వచ్చి కూర్చునేవి. ఆయన చూసినంతసేపూ ఏవీసీ నిజంగానే చచ్చిపోయి ఉండేది, చంపింది మీటర్. ఆయన చూడనప్పుడు బతికి ఉండేది. ఇంత చిన్న జులుం ఎవరికి కనిపిస్తుంది చెప్పండి.

ఇదే ముసీబత్ పెద్ద ఎత్తున ఎదురైనవాళ్ళు దారి వెతికారు. కాలిఫోర్నియాలో నిమ్మకాయల వాళ్ళు. పళ్ళ తోటల సంఘం లేబొరేటరీలో పనిచేసే గ్లెన్ జోసెఫ్, నిమ్మరసం పులుపు కచ్చితంగా కొలవాలి. రసం చెడకుండా అందులో గంధకపు మందు కలుపుతారు, దాంతో లిట్మస్ కాగితం రంగు పోతుంది. మిగిలింది గాజు ఎలక్ట్రోడ్. గాజు పొర గుండా వోల్టేజి పుడుతుంది, కానీ ఆ గాజు ముజాహమత్ కోట్ల ఓముల్లో ఉంటుంది. సూది మీటర్ కదలాలంటే గాజు పల్చగా, పెద్దగా ఊదాలి. అలా ఊదితే ఊరికే పగులుతుంది. జోసెఫ్ 1934లో తనతో పాటు చదువుకున్న ఆర్నల్డ్ బెక్‌మన్ దగ్గరికి వెళ్ళాడు. బెక్‌మన్ కమ్మరి కొడుకు. తాళాలవాడి కొడుకు, కమ్మరి కొడుకు, ఈ కథంతా కారీగర్ల పిల్లలదే. బెక్‌మన్ అన్నాడు, మీటర్ వదిలేయ్, మధ్యలో వాల్వు పెడదాం. రెండు వాల్వులతో ఒక యాంప్లిఫయర్ చేసిచ్చాడు. వాల్వు గ్రిడ్ గాజు నుంచి దాదాపు ఏమీ తాగదు, వోల్టేజి ఎంతో గమనిస్తుంది అంతే. సూదిని తిప్పే మెహనత్ వాల్వు తన సొంత బ్యాటరీ నుంచి చేస్తుంది. గాజు ఇక దళసరిగా, గట్టిగా ఉండొచ్చు.

రెండు నెలలకి జోసెఫ్ మళ్ళీ వచ్చి ఇంకోటి చేసివ్వమన్నాడు, మొదటిది లేబొరేటరీలో మిగతావాళ్ళు ఎత్తుకుపోతున్నారని. అప్పుడు బెక్‌మన్‌కి ఇది వ్యాపారం అని తట్టింది. 195 డాలర్లు పెట్టాడు, 1935 నాటి లెక్కలో చాలా ఎక్కువ. ఫిలడెల్ఫియాలోని ఒక డీలరు పదేళ్ళలో 600 దాకా పోతాయని అంచనా వేశాడు. ఆ అంచనా ఎంత తక్కువో చెప్పడానికి మన ఊళ్ళో పాల కేంద్రమూ నీళ్ళ ప్లాంటూ చాలు, పీహెచ్ మీటర్ లేని చోటు ఏది?

అదే 1934లో లండన్‌లో ఆలన్ బ్లమ్‌లైన్ అనే ఈఎంఐ ఇంజనీరు ఇంకో సర్క్యూట్‌కి పేటెంట్ అడిగాడు. వాల్వు నుంచి మామూలుగా గొంతు పెంచడానికే తీసుకునే జవాబుని ఆయన కింది కొస, కేథోడ్ దగ్గర తీసుకున్నాడు. అలా తీస్తే గొంతు పెరగదు. ఎంత ఇస్తే దాదాపు అంతే, ఒక పిసరు తక్కువగా బయటికొస్తుంది. మరి లాభమేంటి? ఇచ్చేవాడి మీద బోజ్ పడదు, పుచ్చుకునేవాడికి కావలసినంత బలం దొరుకుతుంది. కేథోడ్ ఫాలోవర్ అంటారు దాన్ని. టెలివిజన్ కెమెరా నుంచి వచ్చే బక్క సిగ్నల్‌ని పొడుగాటి కేబుల్‌లోకి నెట్టాలంటే ఇలాంటిది కావాలి. 1936 నవంబర్‌లో అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి మొదలైన టీవీ ప్రసారాల్లో వాడిన వ్యవస్థల్లో ఒకటి ఆయన జట్టుది. ఆయన పేరు మీద 128 పేటెంట్లు ఉన్నాయి. 1942 జూన్ 7న విమానంలో రాడార్ పరీక్షిస్తుండగా అది కూలి చనిపోయాడు, 38 ఏళ్ళకే. జంగ్ రోజులు కావడంతో ఆ ఖబర్ కూడా దాచిపెట్టారు.

గొంతు పెంచని యాంప్లిఫయర్ ఎందుకు అని నేను మా అమ్మాయిని అడిగాను. ఆమె పుస్తకం భాషలో చెప్పింది, నాకెక్కలేదు. తర్వాత జుమాకి వెళ్ళినప్పుడు నాకే తోచింది. మైకులు లేని రోజుల్లో పెద్ద జమాత్ అయితే మధ్యలో ముకబ్బిర్ నిలబడేవాడు. ఇమామ్ సాబ్ అల్లాహు అక్బర్ అంటే ఆయన అదే మాట వెనక సఫ్‌లకి వినిపించేలా అనేవాడు. ఒక్క అక్షరం కలపడు, ఒక్క అక్షరం తీసెయ్యడు. వెనకవాళ్ళ కోసం ఇమామ్ గొంతు చించుకోనక్కర్లేదు, వెనకవాళ్ళ గలాభా ఇమామ్‌ని తాకదు. మెహనత్ ముకబ్బిర్‌ది, మాట ఇమామ్‌ది. బఫర్ అంటే అంతే. మా అమ్మాయికి చెబితే, "క్లాసులో చెప్తా" అంది. చెప్పిందో లేదో.

తర్వాత కథ జోరుగా నడిచింది. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లొచ్చాయి, కేథోడ్ ఫాలోవర్ కాస్తా ఎమిటర్ ఫాలోవర్ అయ్యింది. యుద్ధంలో ఫిరంగి గురి లెక్కలు కట్టడానికి బెల్ లేబొరేటరీస్ వాళ్ళు వాడిన యాంప్లిఫయర్లకి 1947లో రగజీని ఆపరేషనల్ యాంప్లిఫయర్ అని పేరు పెట్టాడు. 1952లో ఫిల్‌బ్రిక్ కంపెనీ కే2-డబ్ల్యూ అని రెండు వాల్వులున్న గుప్పెడంత డబ్బా అమ్మింది. దాని ముక్కులోంచి బయటికొచ్చిన వైరుని తిప్పి దాని చెవికే కలిపితే అది తాను అన్నదీ తాను విన్నదీ సరిచూసుకుంటూ ఉంటుంది, ముకబ్బిర్‌కి ఇంతకన్నా మంచి తాలీమ్ ఏముంటుంది. 1965లో బాబ్ విడ్లర్ అనే తిక్క మేధావి అదే పనిని సిలికాన్ ముక్క మీద ఎక్కించి 709 అనే చిప్ చేశాడు. సరిగ్గా వాడకపోతే అది తనలో తానే ఊగిపోయేది. 1968లో డేవ్ ఫుల్లాగర్ 741లో చిన్న కెపాసిటర్ ఒకటి, 30 పికోఫారాడ్‌లది, చిప్ లోపలే పెట్టి ఆ బాధ తీర్చాడు. ఇప్పటికీ కాలేజీ ల్యాబుల్లో మొదట చేతికిచ్చేది 741నే. ఈసీజీ మెషిన్‌లో ఇలాంటి ముకబ్బిర్లే కూర్చుని ఉంటారు కాబట్టి మనం ఉప్పునీళ్ళ తొట్టిలో కూర్చోనక్కర్లేదు.

మా అమ్మాయి 741 వాడలేదు. అది కూడా చెవితో ఒక చుక్క తాగుతుందట, పది లక్షల ఓముల దగ్గర ఆ చుక్క కూడా కాస్త తేడా చూపిస్తుందట. సీఏ3140 అనే చిప్ తెచ్చింది. దాని ముందు భాగంలో మాస్‌ఫెట్లు ఉంటాయి, ముజాహమత్ లక్ష కోట్ల ఓముల పైనే. రెండు రెసిస్టర్ల మధ్య చోటుని దాని చెవికి కలిపింది, దాని జవాబుని తిప్పి రెండో చెవికి, అక్కణ్ణుంచి మామూ మీటర్‌కి. అదే బ్యాటరీ నుంచి చిప్‌కి పవర్. పది వోల్టుల రేంజి.

సూది లేచింది. నాలుగు దాటి, నాలుగున్నర దగ్గర నిలిచింది. రేంజి 50కి మార్చింది. సూది కిందికి దిగింది, ఎందుకంటే స్కేలు మారింది కదా, కానీ చదివితే అదే నాలుగున్నర. అమ్మీ పక్కన కూర్చుని చూస్తోంది. ఆమెకి సర్క్యూట్ ఏమీ అర్థం కాలేదు. సూది మధ్యలో నిలబడటం అర్థమైంది. "మా అన్న దగ్గర ఆ చిన్న ముక్క ఉంటే?" అంది. ఆ రోజుల్లో ఆ పనికి వాల్వు వోల్ట్‌మీటర్లు ఉండేవి, పాలమూరు రేడియో దుకాణానికి అందే ధరలో కాదు.

ఆ రాత్రి తరావీహ్ అయ్యాక ముమానీకి ఫోన్ చేశాను. షాద్‌నగర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది, చెవులు సరిగా వినపడవు. గట్టిగా, రెండుసార్లు చెప్పాను. మీటర్ తాగేసింది, లైను బాగానే ఉంది, మామూ ఏ పార్టూ పీకలేదు, ఆయన చూసినప్పుడు నిజంగానే సున్నా ఉంది అని.

చాలాసేపు మాట్లాడలేదు. లైను కట్ అయిందనుకున్నాను.

"అయితే ఆయన మీటర్ ఖరాబ్ కాదా బేటా?"

"కాదు ముమానీ."

"మరి నేను దాన్ని పారెయ్యమని ఎన్నిసార్లు తిట్టానో" అంది. తర్వాత, "ఆ కెపాసిటర్ పైసలు కూడా వాపస్ ఇచ్చాడు తెలుసా, అది ఉత్త పుణ్యానికి పోయింది" అని, ఈద్‌కి ఎవరెవరు వస్తున్నారో అడగడం మొదలుపెట్టింది.